పరదేశ వలస : పంచాయతీ సభ్యులు యోచింపవలసిన విషయములు

పల్నాటి సీమకు వలస యనునది క్రొత్త విషయము కాదు. ఏటా సంక్రాంతి దాటిన పిమ్మట మిరపకోతలు ముమ్మరమగు కాలమున కర్నూలు జిల్లా నుండియు, ప్రకాశము జిల్లా మెట్ట గ్రామముల నుండియు కూలీలు కుటుంబములతో సహా మన ఊళ్లకు వచ్చుచుందురు. చేల గట్లమీదను, ఊరి చివర ఖాళీ స్థలములలోను పట్టాలు కట్టుకొని కోతలు ముగియువరకు కాలము గడుపుదురు. మేస్త్రి ముందు చెప్పిన కూలి యొకటి, తుదకు చేతికి వచ్చిన కూలి వేరొకటి యైనచో ఆ తగవు తరచుగా పంచాయతీ సభ్యుల యెదుటకే వచ్చును. కనుక ఊరు కాని ఊరిలో బ్రదుకు మనిషికి ఏమి కావలెనో, ఏది లోపించినచో అతడు చిక్కులలో పడునో మన సభ్యులకు ఒకరు చెప్పనక్కరలేదు.

నేడు అదే సమస్య మన యిండ్లలోనికే వచ్చినది. నరసరావుపేట, సత్తెనపల్లి, గురజాల, మాచర్ల ప్రాంతముల యువతీయువకులు కొందరు చదువు పేరను, కొందరు పని పేరను పరదేశములకు పోవుచున్నారు. పోవలెనని యత్నించువారు ఇంకను కలరు. పోవుట మంచిదా, చెడ్డదా యని తీర్పు చెప్పుట మా ఉద్దేశము కాదు. పోయి బాగుపడినవారు కలరు. వారు పంపిన సొమ్ముతో అప్పులు తీరినవి, తమ్ముల చదువులు సాగినవి, ఇండ్లు లేచినవి. పొలము పోగొట్టుకొని రిక్తహస్తములతో తిరిగి వచ్చినవారును కలరు. ఈ రెండు తెగల వారికిని గల భేదము చాలవరకు బయలుదేరక ముందు జరిగిన విచారణలో నున్నదని మా అభిప్రాయము. ఆ విచారణ ఎట్లు చేయవలెనో, అందు పంచాయతీ ఏ విధముగా తోడ్పడవచ్చునో ఈ వ్యాసమున వివరింతుము.

ఎందుకు పోవుచున్నారు?

1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. 1967లో కాలువలకు నీరు వదలిరి. కుడి కాలువ వచ్చిన పిమ్మట పల్నాటి మెట్ట భూములలో వరి, ప్రత్తి, మిరప విస్తరించినవి. జొన్న, సజ్జలతో సరిపెట్టుకొన్న కుటుంబములు పిల్లలను కాలేజీలకు పంపగలిగినవి. ఇది మన కన్నులయెదుట జరిగిన అభివృద్ధి.

అయినను వ్యవసాయము నిలకడ గల ఆదాయమును ఈయజాలకున్నది. మిరప పైరునకు ఎకరమునకు లక్ష రూపాయలకు మించి పెట్టుబడి కావలెను. 2021-22 పంటకాలమున నల్ల తామర పురుగు సోకి పూతను, పిందెను నాశనము చేసినది. 2023లో కృష్ణానదికి సరియైన వరద రాక సాగరము ఆయకట్టు రైతులు నీటికై ఇబ్బంది పడిరి. 2025 ఆరంభమున మిర్చి ధర పడిపోగా, కేంద్ర ప్రభుత్వము మార్కెట్టు జోక్య పథకము క్రింద క్వింటాలునకు 11,781 రూపాయల ధరను నిర్ణయింపవలసి వచ్చినది. సొంత భూమి గల రైతు స్థితియే యిట్లుండగా, కౌలుదారు స్థితి వేరుగ చెప్పనక్కరలేదు.

ఇట్టి స్థితిలో కుమారునో, కుమార్తెనో పరదేశమునకు పంపుట యొక్కటే తరుణోపాయమని రైతు తలచుటలో ఆశ్చర్యము లేదు. కాని ఆ ప్రయాణమునకు పెట్టుబడి యెక్కడనుండి వచ్చుచున్నది? అదే భూమిని తాకట్టు పెట్టగా వచ్చుచున్నది. అనగా ప్రయాణము విఫలమైనచో కుటుంబమునకు మిగిలియున్న ఆధారము కూడ పోవును. ఈ సంగతియే అన్నిటికంటె ముందు యోచింపవలసినది.

పూర్వులకు కలిగిన అనుభవము

తెలుగువారు సముద్రము దాటుట నిన్న మొన్న ప్రారంభమైనది కాదు. బ్రిటిషు సామ్రాజ్యమున 1834లో బానిసత్వము రద్దయిన పిమ్మట చెరకు తోటలకు కూలీలు కరవైరి. వారి స్థానమున మన దేశము నుండి ఒడంబడిక కూలీలను ఓడల మీద తీసికొనిపోయిరి. మారిషస్‌కును, దక్షిణాఫ్రికాలోని నేటాలునకును, ఫిజీకిని పోయినవారిలో తెలుగువారును ఉండిరి. 1860 నవంబరు 16వ తేదీన నేటాలు తీరము చేరిన మొదటి ఓడ మద్రాసు నుండి బయలుదేరినదే. అయిదేండ్లు పనిచేయుదుమని వ్రేలిముద్ర వేసినవారిలో చాలమందికి ఆ కాగితములో ఏమున్నదో తెలియదు. దేశమంతట ఆందోళనము జరిగిన మీదట ఆ పద్ధతి 1917లో ఆగి, 1920 నాటికి అంతరించినది.

బర్మా కథ వేరు. అచ్చటికి పోవుటకు ఒడంబడిక లేదు. మేస్త్రి యిచ్చిన బయానాతో కోస్తా జిల్లాలవారు వేలకొలది ఓడ లెక్కి రంగూను చేరిరి. రంగూనునే మనవారు రంగమనిరి. కోరంగి రేవు నుండి వచ్చినవారగుటచే బర్మీయులు వారిని కోరంగీలని పిలిచిరి. రంగూను రేవులో బరువులు మోసినది, బియ్యపు మిల్లులలో పనిచేసినది చాలవరకు మనవారే. బయానా సొమ్మును మేస్త్రి కూలి నుండి మినహాయించుకొనుచుండెను. 1930 మే మాసమున రేవులో పని విషయమై తెలుగు కూలీలకును, బర్మీయులకును మధ్య అల్లరులు చెలరేగి ప్రాణనష్టము కలిగినది. 1942లో జపాను సైన్యము బర్మాలో ప్రవేశింపగా లక్షలాది భారతీయులు అడవులను, కొండలను దాటి కాలినడకన స్వదేశమునకు బయలుదేరిరి, దారిలో చనిపోయినవారెందరో. మిగిలినవారిలో అనేకులు 1960 తరువాతి దశాబ్దమున అక్కడి ప్రభుత్వము వ్యాపారములను జాతీయము చేయగా తిరిగి వచ్చిరి. విశాఖపట్టణములోని బర్మా క్యాంపు ఆ కాలమునకు గుర్తుగా నేటికిని నిలిచియున్నది.

ఈ చరిత్ర వలన మనము గ్రహింపదగినవి రెండు విషయములు కలవు. కాగితము చదువక వ్రేలిముద్ర వేసినవాడు తన కాలమును పరుల చేతికిచ్చినవాడగును. ఇది మొదటిది. పరదేశపు చట్టము ఆ దేశము వారి అవసరమును బట్టి మారును గాని మన కష్టమును బట్టి మారదు. ఇది రెండవది. నేడు ఓడలకు బదులు విమానములు వచ్చినవి. ఈ రెండు విషయములలో మాత్రము మార్పు లేదు.

అప్పు లెక్క

పల్నాటి వీరుల కథ మనకు తెలియనిది కాదు. కోడిపందెమున ఓడిన కారణమున మాచర్లవారు ఏడేండ్లు రాజ్యము విడిచి పోవలసి వచ్చెనని మన పెద్దలు చెప్పుదురు. పందెము ఒడ్డువాడు గెలుపును గూర్చియే తలచును. ఓడినచో ఏమి పోవునో లెక్క వేయడు. పరదేశ ప్రయాణమునకు అప్పు చేయు కుటుంబము ఆ లెక్కను ముందుగనే వేయవలెను.

అమెరికాలో చదువునకై ఒక కుటుంబము ఇరువది లక్షల రూపాయలు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినదనుకొందము. నెలకు వడ్డీయే 40,000 రూపాయలు. రెండేండ్ల చదువు ముగియునప్పటికి వడ్డీ 9,60,000 రూపాయలగును. అసలుతో కూడ తీర్పవలసినది 29,60,000 రూపాయలు. ఈ రెండేండ్లును విద్యార్థి కళాశాల ఆవరణలో, అదియు చదువు జరుగు దినములలో వారమునకు ఇరువది గంటలు మించకుండ మాత్రమే పనిచేయవచ్చును. అనుమతి లేక బయట దుకాణములలో పనిచేసినచో వీసాకే ముప్పు కలుగును.

చదువు ముగిసిన పిమ్మట ఒక సంవత్సరము, సాంకేతిక శాస్త్రములు చదివినవారికి మరి రెండు సంవత్సరములు పని నేర్చుకొనుటకు అనుమతి లభింపవచ్చును. ఆ పిమ్మట అక్కడ నిలుచుటకు కావలసిన హెచ్-1బి వీసాలు సంవత్సరమునకు సామాన్యముగ 65,000, అమెరికాలో పై పట్టా పొందినవారికి అదనముగ 20,000 అని పరిమితి కలదు. కోరువారు అంతకంటె ఎక్కువగుటచే అర్హత గలవారందరికిని అది లభింపదు. పైగా 2025 సెప్టెంబరులో ఆ దేశాధ్యక్షుడు క్రొత్తగా చేయు కొన్ని దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుమును విధించెను. ఆనాటికే అప్పుచేసి చదువుచున్న విద్యార్థి చేసిన తప్పేమియు లేదు. అయినను అతని లెక్క ఒక్క దినములో మారిపోయినది.

కనుక తల్లిదండ్రులు వేసికొనవలసిన ప్రశ్న యిది : ఆ దేశమున ఉద్యోగము దొరకక, చదువు మాత్రము ముగించుకొని పిల్లవాడు తిరిగివచ్చినచో, ఇక్కడి జీతముతో ఈ అప్పు తీరునా? తీరునని తోచినచో సాహసింపవచ్చును. తీరదని తోచినచో అప్పును తగ్గించు ఉపాయము వెదకవలెను. ప్రయివేటు వడ్డీకి పోకముందు బ్యాంకు విద్యాఋణమునకు ప్రయత్నింపవలెను. విద్యాలక్ష్మి యను కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు ద్వారా ఒకేమారు పలు బ్యాంకులకు దరఖాస్తు చేసికొనవచ్చును. సాధారణముగ చదువు కాలమును, ఆపై ఒక సంవత్సరమును గడచిన పిమ్మటనే వాయిదాలు ఆరంభమగును.

ఇక గల్ఫు దేశమునకు పనికై పోవువాని లెక్క చూతము. ఒక దళారికి లక్షన్నర చెల్లించెననియు, ఆ సొమ్ము అదే రెండు రూపాయల వడ్డీకి తెచ్చెననియు అనుకొందము. జీతము 25,000 రూపాయలు. తిండికి, తక్కిన ఖర్చులకు 8,000 పోగా 17,000 మిగులును. ఆ మిగులు మొత్తమును అప్పునకే కట్టినను ఇంచుమించు పది నెలలు గడచిన గాని ఇంటికి ఒక్క రూపాయి చేరదు. కాని చట్టప్రకారము లైసెన్సు గల ఏజెంటు తన సేవకై పుచ్చుకొనదగినది 30,000 రూపాయలును, దానిపై నూటికి 18 వంతున పన్నును కలిపి 35,400 రూపాయలకు మించరాదు. ఆ మాత్రమే అప్పైనచో మూడవ నెలలోనే తీరిపోవును. ఏడు నెలల కష్టము ఎవరి పాలగుచున్నదో దీనివలన తెలియగలదు.

కాగితముల పరిశీలన

1983 నాటి ప్రవాస చట్టము ప్రకారము విదేశములలో పనికి మనుషులను కుదుర్చు ఏజెంటు ప్రభుత్వమువద్ద రిజిస్టరు చేసికొని యుండవలెను. అట్టి ఏజెంట్ల పేర్లును, లైసెన్సు సంఖ్యలును కేంద్ర విదేశాంగ శాఖవారి ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఎవరైనను చూడవచ్చును. లైసెన్సు లేక ఈ వ్యాపారము చేయుట శిక్షార్హమైన నేరము. రెండేండ్లవరకు జైలు శిక్ష విధింపవచ్చును. “నేను పెద్ద ఏజెంటునకు మనిషిని” అని చెప్పుకొని ఊళ్లలో తిరుగు ఉపదళారికి చట్టములో తావు లేదు.

పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారి పాస్‌పోర్టుపై సాధారణముగ ప్రవాస తనిఖీ అవసరమను ముద్ర యుండును. అట్టివారు సౌదీ అరేబియా, కువైటు, ఖతరు, ఒమాను, మలేషియా మున్నగు పదునెనిమిది దేశములకు పనికై పోవునప్పుడు ప్రవాస సంరక్షణాధికారి అనుమతి పొందవలెను. ఈ అనుమతిని అడ్డంకిగా తలపరాదు. పని ఒప్పందమును అధికారి చూచును. భీమా తప్పనిసరిగా ఉండును. ప్రవాసీ భారతీయ బీమా యోజన క్రింద రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375 రూపాయలు చెల్లించినచో ప్రమాదమున మరణించినను, శాశ్వతముగ అంగవైకల్యము కలిగినను పది లక్షల రూపాయలు లభించును. ఈ ముద్ర గల పాస్‌పోర్టుతో ఇంటి పనికి పోవు స్త్రీకి ముప్పది సంవత్సరములు నిండియుండవలెనను నియమమును కలదు.

దళారులు ఈ తనిఖీని తప్పించుటకై సందర్శక వీసా మీద పంపుదురు. అచ్చట దిగినవెంటనే పని వీసాగా మార్తుమని చెప్పుదురు. సందర్శక వీసాపై పనిచేయుట అక్కడి చట్టమునకు విరుద్ధము. అట్టివానికి జీతము ఎగవేసినను ధైర్యముగ ఫిర్యాదు చేయజాలడు. 2024లో విశాఖపట్టణము తదితర ప్రాంతముల యువకులకు కంప్యూటరుపై సమాచారము ఎక్కించు ఉద్యోగమని చెప్పి కంబోడియాకు పంపిరి. అచ్చట వారిని బంధించి, ఫోనులద్వారా స్వదేశీయులనే మోసగించు పనిలో పెట్టిరి. ఆ సంవత్సరము మే మాసమున భారత రాయబార కార్యాలయము సాయముతో కొందరు తిరిగి రాగలిగిరి.

చదువు విషయమునను ఇట్టి మోసములు జరిగినవి. 2011 జనవరిలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయమును అధికారులు మూసివేసిరి. అందలి విద్యార్థులలో పెక్కురు తెలుగువారు. వారిలో కొందరి కాళ్లకు జాడ తెలుపు పట్టీలు తగిలించిరి. 2019 జనవరిలో మిషిగన్ రాష్ట్రమున ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయము సంగతి బయటపడినది. అందు తరగతులు లేవు, ఉపాధ్యాయులు లేరు. అది అక్కడి అధికారులే వల పన్నుటకై నెలకొల్పిన సంస్థ. అప్పుడు నిర్బంధింపబడిన విద్యార్థులలో 129 మంది భారతీయులు. పాఠము చెప్పక, హాజరు అడుగక, పనిచేసికొనుటకు కాగితము మాత్రమిచ్చు కళాశాల యేదైనను అనుమానింపదగినదే. ఇంటర్మీడియేటు కళాశాలలో చేర్చుటకు పది మందిని విచారించు తండ్రి, సముద్రమునకు ఆవలనున్న కళాశాలను గూర్చి ఒక్క కన్సల్టెన్సీ మాటనే నమ్ముట తగదు.

అచ్చటి జీవనము

కాగితములన్నియు సరిగా నున్నను అచ్చటి జీవనము ఎట్లుండునో తెలిసికొని పోవలెను. గల్ఫు దేశములలో పని వీసా సామాన్యముగ యజమానితో ముడిపడియుండును. కొన్ని దేశములు ఇటీవల ఈ నియమములను సడలించినను, యజమాని పాస్‌పోర్టును తనవద్ద ఉంచుకొనుట, పని మారనీయకుండుట వంటి చిక్కులు ఇంకను వినవచ్చుచున్నవి. నివాసములు ఇరుకైనవి. 2024 జూన్ 12వ తేదీన కువైటులోని మంగఫ్ వద్ద కార్మికుల నివాసమున అగ్నిప్రమాదము జరిగి 45 మంది భారతీయులు మరణించిరి. వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్‌వారు.

ఇంటివద్ద మిగిలినవారి మాట కూడ మరువరాదు. వ్యవసాయము ఎవరు చూతురు? కాలువ నీటి వంతుకు రాత్రివేళ ఎవరు పోవుదురు? తల్లిదండ్రులలో ఒకరు మంచమెక్కినచో నరసరావుపేట ఆసుపత్రికి ఎవరు తీసికొనిపోవుదురు? బ్యాంకు ఖాతా, భూమి కాగితములు భార్యకు తెలియునా? ఇవి చిన్న ప్రశ్నలుగ కనబడును. కాని మనిషి దూరమైన పిమ్మట ప్రతిదినము ఎదురగునవి ఇవియే.

పంచాయతీ చేయదగిన పనులు

వయస్సు వచ్చిన మనిషిని పోవలదనుటకు పంచాయతీకి అధికారము లేదు. అట్లనుట భావ్యమును కాదు. అడిగినవారికి సరియైన సమాచారము అందించుట, మోసగాండ్రకు ఊరిలో చోటు లేకుండ చూచుట పంచాయతీ చేయగల పనులు. ఈ క్రింది పనులు పెద్ద ఖర్చు లేనివి.

1. గ్రామమునకు వచ్చి విదేశీ ఉద్యోగములకు మనుషులను కుదుర్చువారి లైసెన్సు సంఖ్యను అడిగి, ఈ-మైగ్రేట్‌లో సరిచూచి, ఫలితమును పంచాయతీ కార్యాలయపు బోర్డుమీద వ్రాయవలెను.

2. ఇష్టపడిన కుటుంబముల కొరకు ఒక పుస్తకము నుంచవలెను. పోవువాని పేరు, పాస్‌పోర్టు సంఖ్య, పోవు దేశము, యజమాని లేక కళాశాల చిరునామా, ఏజెంటు పేరు, ఇచ్చిన సొమ్ము అందు వ్రాయవలెను. ఈ వివరములు ఇతరుల కంటబడకుండ కార్యదర్శి వద్ద భద్రముగ నుండవలెను. ఆపద వచ్చినపుడు అధికారులు మొదట అడుగునవి ఇవియే.

3. పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందము, భీమా పత్రము, ఏజెంటు ఇచ్చిన రసీదు, వీటి నకళ్లను ఒక జత ఇంటివద్ద ఉంచి పోవునట్లు చెప్పవలెను. రసీదు లేక సొమ్ము ఈయవలదని గట్టిగా హెచ్చరింపవలెను.

4. ఒప్పందము అరబ్బీలోనో, ఇంగ్లీషులోనో యున్నచో హైస్కూలు ఉపాధ్యాయులవంటి చదువుకొన్నవారిచే తెలుగులో చెప్పించి, జీతము, పని గంటలు, సెలవు, తిరుగు టిక్కెట్టు ఎవరు భరింతురను నాలుగు విషయములను సంతకమునకు ముందే తెలిసికొనునట్లు చూడవలెను.

5. పరదేశములనుండి తిరిగివచ్చినవారిని గ్రామసభకు పిలిచి మాట్లాడింపవలెను. లాభపడినవారిని, నష్టపడినవారిని ఇరువురను పిలువవలెను. నష్టపడినవారు సిగ్గుచే మౌనము వహింతురు. వారి మాట వినుట ఊరికి మిక్కిలి మేలు.

6. కష్టములో నున్నవారి బంధువులకు దారి చూపవలెను. విదేశాంగ శాఖవారి ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రమునకు 1800 11 3090 సంఖ్యపై ఉచితముగ ఫోను చేయవచ్చును. మదద్ అను వెబ్‌సైటులో ఫిర్యాదు వ్రాయవచ్చును. రాష్ట్ర ప్రభుత్వ పక్షమున ఏ.పి.ఎన్.ఆర్.టి. సొసైటీ ప్రవాసాంధ్రులకు తోడ్పడుచున్నది. భారత రాయబార కార్యాలయములలో ఆపన్నులకై సంక్షేమ నిధి 2009 నుండి కలదు. దిక్కులేనివారిని స్వదేశమునకు చేర్చుటకును, మృతదేహములను తెప్పించుటకును దానిని వినియోగింతురు.

పల్లెలలో పార్టీలు, కక్షలు లేకపోలేదు. ఎదుటి పార్టీ యింటి పిల్లవాడు దళారి వలలో పడుచున్నను మనకేల యని ఊరకుండువారు కొందరుందురు. ఇది తగదు. కువైటులోనో, కంబోడియాలోనో చిక్కుకొన్న పిల్లవానిని అక్కడివారు ఏ పార్టీవాడని అడుగరు. సొమ్ము పుచ్చుకొన్న దళారి రేపు ఈ వీధికి కూడ వచ్చును.

మిరపకోతలకు మన ఊరు వచ్చిన కూలీల విషయమున మంచి పంచాయతీలు మేస్త్రి చెప్పిన కూలిని ముందుగనే విచారించును, త్రాగునీరు చూపును, జబ్బు చేసినవానిని ఆసుపత్రికి చేర్చును. మన పిల్లలు పోవు దేశమున వారికై అట్లు విచారించు పెద్దలు ఉందురో లేదో మనము చెప్పజాలము. కాబట్టి వారు ఊరు విడువక ముందే ఆ విచారణ మనమే చేయవలసి యున్నది. రాబోవు గ్రామసభలో ఈ విషయమును చర్చకు పెట్టి, మొదట ఆ పుస్తకమును తెరచి, లైసెన్సు సరిచూచు పనిని ఒక సభ్యునికి అప్పగింతురని ఆశింతుము.